వాయిదా పడ్డవాళ్ళ వరుస

"మళ్ళీ వాయిదా వేశారే!" అంది అక్క ఫోన్‌లో.

ప్లానమ్మ అప్పుడు క్లాసులో ఉంది. మామూలుగా అయితే పాఠం చెబుతూ ఫోన్ ముట్టుకునే మనిషి కాదు. ఆ రోజు బావకి వెన్ను ఆపరేషన్ కాబట్టి బల్ల మీదే పెట్టుకుని, మోగగానే పిల్లలందరి ముందూ సిగ్గు విడిచి ఎత్తింది.

"పొద్దుణ్ణించీ పచ్చి మంచినీళ్ళు ముట్టనివ్వలేదు. చేతికి సూది కూడా గుచ్చి పెట్టారు. ఇప్పుడొచ్చి, ఏదో యాక్సిడెంట్ కేసొచ్చింది, ఇవాళ కుదరదు, ఇంటికెళ్ళండి అంటున్నారు. ఇది మూడోసారే! వీళ్ళతో ఇంక నావల్ల కాదు. నువ్వు రా."

ప్లానమ్మ అన్నది ఆమెకి బావ పెట్టిన పేరు. యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు చెబుతుంది, పరిశోధన చేస్తుంది. ఆ పరిశోధన పనులకి వేళలు కుదర్చడం మీద. గదులెన్ని, మనుషులెందరు, ఏ పనికి ఎంతసేపు పడుతుంది, ఏది ముందు ఏది వెనుక, ఇవన్నీ చెబితే కంప్యూటరే ఆలోచించి అందరికీ సరిపడే వరుస తయారుచెయ్యాలి. లోకానికంతా వేళలు కుదిర్చే ఈ మహాతల్లి సొంతింట్లో పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది. రైలెక్కాలంటే ప్లాట్‌ఫారం మీద పరుగు తప్పదు. తన పెళ్ళికి తనే ఆలస్యంగా వచ్చిన ఘనత ఆమెది. బావ ఊరుకుంటాడా మరి? ఆ పేరు తగిలించాడు. మొదట్లో ఉడుక్కునేది గానీ, తరువాత తరువాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తేనే ఎవరినో అనుకునేది.

అక్క ఆమెని రమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఆసుపత్రిలో ఏ రోజు ఎవరికి ఆపరేషన్ అన్నది నిర్ణయించేది ప్లానమ్మ రాసిన ప్రోగ్రామే. రెండేళ్ళ కిందట ఆసుపత్రివాళ్ళే వచ్చి అడిగారు. ప్రతి సాయంత్రం ఆ ప్రోగ్రాం ఖాళీ థియేటర్లనీ, డాక్టర్లనీ, మంచాలనీ, ఎదురుచూస్తున్న రోగులనీ చూసి ముందురోజులకి వరుస వేస్తుంది. అత్యవసర కేసు వచ్చిపడితే ఎవరిని ఆపాలో కూడా అదే చెబుతుంది. అది వచ్చాక రోగులు ఎదురుచూసే కాలం సగానికి తగ్గిందని లెక్కలు తేలాయి. దాని మీద ప్లానమ్మ రాసిన వ్యాసానికి పెద్ద బహుమతి వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఆ గ్రాఫుని పటం కట్టించి కింద హాల్లో గోడకి తగిలించారు. అక్క ఎన్నోసార్లు దాని ముందు నుంచి నడిచింది. మొదటిసారి గర్వంగా చూసింది. మూడోసారికి పళ్ళు నూరింది.

సాయంత్రం ప్లానమ్మ అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి బావ హాల్లో పరుపు మీద బోర్లా పడుకుని, దిండు మీద గడ్డం ఆనించి టీవీ చూస్తున్నాడు. బావ సిటీ బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి ఆ సీట్లో కూర్చుని కూర్చుని వెన్నులో రెండు పూసలు నలిగిపోయాయి. అవి ఎడమకాలికి వెళ్ళే నరాన్ని నొక్కేస్తున్నాయి. కూర్చోలేడు, వెల్లకిలా పడుకోలేడు.

"రా మరదలా! నీ కంప్యూటర్‌కి నామీద ఏం పగే?" అన్నాడు. "ఇన్నేళ్ళూ నా బస్సు ఆలస్యమైందని జనం నన్ను తిట్టిపోశారు. వాళ్ళందరి ఉసురూ ఇప్పుడు తగిలిందేమో!"

"నవ్వండి, నవ్వండి" అంది అక్క వంటింట్లోంచి వస్తూ. అక్క బడిలో లెక్కల టీచరు. ఇంట్లో మాట్లాడినా వెనక బెంచీ దాకా వినబడుతుంది. "పొద్దున ఏం జరిగిందో చెప్పారా దానికి? చెప్పరు. నేనే చెప్తాను. బాత్రూముకి వెళ్ళొచ్చారు. ఎడమకాలి చెప్పు దారిలోనే ఊడిపోయి ఉంది. ఈయనకి తెలీనే లేదు! కాలికి చెప్పుందో లేదో తెలీని మనిషి రేపు బస్సెలా నడుపుతాడే?"

బావ నవ్వు ఆగిపోయింది. టీవీ గొంతు తగ్గించాడు.

"డాక్టరేమన్నాడు?" అని అడిగింది ప్లానమ్మ.

"త్వరగా చేస్తే పాదం మళ్ళీ వస్తుందట. ఆలస్యమైతే చెప్పలేడట. నరం చచ్చిపోయాక ఎవరేం చేసినా లాభం లేదట. ఎడమకాలే కదా, క్లచ్ తొక్కే కాలు. అది పోతే నాకింకేం పని వచ్చు చెప్పు? ఈ చేతులకి స్టీరింగ్ తప్ప ఇంకోటి తెలీదు" అన్నాడు బావ.

"వచ్చే గురువారం అన్నారు" అంది అక్క. "అన్నారులే, ఎన్నిసార్లు అనలేదు! ఏమే, ఆ ప్రోగ్రాం నువ్వు రాసిందే కదా? ఒక్క మాట చెప్పలేవా దానికి? ఈయన్ని కదపొద్దని?"

"అలా కుదరదక్కా. అది అందరిదీ."

"అందరిదీ! మేము మాత్రం ఎవరిదీ కాదు." అక్క ముఖం ఎర్రబడింది. తరువాత గొంతు కాస్త తగ్గించి, "సరే. కనీసం ఎందుకు కదుపుతోందో చూసి చెప్పు. అదైనా చెయ్యొచ్చా, దానికీ రూల్స్ ఒప్పుకోవా?" అంది.

అది న్యాయమైన మాటే. ప్లానమ్మకి కాదనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే ఆమెకీ ఆ అనుమానం మొదలై చాలాసేపయింది. ఎక్కువకాలం ఎదురుచూసినవాళ్ళని ముందుకు జరపమని ఆమే స్వయంగా ప్రోగ్రాంలో రాసింది. ఒకసారి వాయిదా పడ్డవాడు రెండోసారికి కాస్త పైకి రావాలి, మూడోసారికి ఎవరూ కదపలేనంత పైకి వెళ్ళాలి. బావ ఎందుకు వెళ్ళలేదు?

మర్నాడు పొద్దున్నే తన గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. ఆసుపత్రి లెక్కల నకలు ఆమె కంప్యూటర్లో ఉంటుంది. దాంట్లో పేర్లుండవు, నంబర్లుంటాయి, జబ్బులుంటాయి. బావ నంబరు అక్క కాగితం మీద రాసిచ్చింది. ఆయన చివరి తేదీ దగ్గర మొదలుపెట్టి, ప్రోగ్రాం ఏ సాయంత్రం ఏం ఆలోచించిందో ఒక్కొక్క మెట్టూ వెనక్కి నడిచింది. కాఫీ చల్లారిపోయింది. మధ్యాహ్నం భోజనం సంగతి ఎలాగూ గుర్తులేదు.

దొరికింది. దొరకగానే ఆమె రెండు చేతులతోనూ తల పట్టుకుంది.

విషయం ఇదీ. ఆపరేషన్ ఆగిపోయినప్పుడు ప్రోగ్రాం ఆ పనిని 'ముగిసింది' అని మూసేస్తోంది. రోగికి ఆపరేషన్ అవసరం ఇంకా ఉంది కదా, అందుకని ఆసుపత్రిలో సిస్టరు అదే రోగిని మళ్ళీ కొత్తగా ఎక్కిస్తోంది. కొత్తగా ఎక్కించిన రోజే ఆ రోగి వచ్చిన రోజు. అంటే బావ మూడుసార్లు కొత్తగా పుట్టాడన్నమాట. నెలల తరబడి పడ్డ యాతన ప్రతి వాయిదాకీ తుడిచిపెట్టుకుపోయి, మళ్ళీ మొదటి మెట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. దానికి తోడు బావది రోజంతా పట్టే ఆపరేషన్. అలాంటిదాన్ని ఒకదాన్ని ఆపితే ఆ చోట్లో నాలుగు చిన్నవి ఇముడుతాయి. కాబట్టి ఎప్పుడు ఎవరినో ఒకరిని ఆపాలన్నా ప్రోగ్రాం కన్ను ముందుగా అలాంటివాళ్ళ మీదే పడుతోంది.

ఇంత తెలివైన మనిషి ఇంత చిన్న సంగతి ఎలా మరిచిపోయిందీ అంటారా? అది ఆ విద్యలోనే ఉంది. ప్లానమ్మ ఏటా మొదటి క్లాసులో బోర్డు మీద రెండే రెండు గళ్ళు గీస్తుంది. ఒకటి ఇప్పుడున్న పరిస్థితి, రెండోది చేరవలసిన పరిస్థితి. "ఇక్కడికి ఎలా వచ్చామన్నది మనకి అనవసరం. ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వెళ్ళాలన్నదే ప్రశ్న" అంటుంది. అనడమే కాదు, అందులో ఒక అందం ఉందనుకుంటుంది. ప్రోగ్రాంని పరీక్షించినప్పుడు కూడా అంతే. కల్పించిన రోగులు, కల్పించిన థియేటర్లు, వేలకొద్దీ రోజులు. ఒక్కొక్క రోజూ పొద్దున మొదలై సాయంత్రం ముగిసిపోయేది. మర్నాటి పరీక్షకి మళ్ళీ కొత్త రోగులు. నిన్న మిగిలిపోయినవాడు ఇవాళ ఏమయ్యాడని ఆమె లెక్కలు ఏనాడూ అడగలేదు. వాళ్ళు కల్పించినవాళ్ళు కదా, ఎక్కడికీ వెళ్ళేవాళ్ళు కాదు.

ఇక ఆ సగానికి తగ్గిన ఎదురుచూపు? ఆపరేషన్ ఆగిన రోజున రోగి ఎదురుచూపు కూడా అయిపోయినట్టే లెక్క రాసుకుంది ప్రోగ్రాం. ఎంతమందిని వెనక్కి పంపితే గ్రాఫు అంత అందంగా కిందికి దిగింది. హాల్లో పటం కట్టింది దాన్నే.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. కానీ నిజాయితీగా చెప్పుకోవాలి, ఆ సిగ్గు వెనకాలే పట్టరాని సంతోషం కూడా వచ్చింది. తప్పు దొరికింది. దిద్దడం ఎంతసేపు? ప్రతి రోగికీ మొట్టమొదటి తేదీ వెతికి తగిలిస్తే చాలు. అప్పుడు బావ పైకి వెళతాడు. ఎవరికీ అన్యాయం చెయ్యకుండా, ఎవరినీ బతిమాలకుండా, న్యాయంగానే వెళతాడు! ఆగలేక అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, దొరికింది! తప్పు నాదేనే. సరిచేసేస్తున్నాను. ఇంక గురువారాన్ని కదపడం ఆ దేవుడి తరం కూడా కాదు."

అవతల అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినబడింది. తరువాత, "చల్లగా ఉండవే" అని పెట్టేసింది.

ప్రోగ్రాం దిద్ది, నడిపించి, ఫలితం చూసి, అప్పుడు కదా ఫోన్ చెయ్యాలి? అరగంట ఓపిక పట్టలేకపోయింది ప్లానమ్మ. ఇలాంటిదానికి ఆ పేరు పెట్టాడంటే బావని అనడానికేముంది?

దిద్దింది. నడిపించింది. గురువారం గడిలో ఒక నంబరు వచ్చింది. బావది కాదు.

ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ నడిపించింది. అదే నంబరు. కిందికి వెతుక్కుంటూ పోతే బావ ఆరో చోట దొరికాడు. ముందు అయిదుగురున్నారు. అందరివీ పెద్ద ఆపరేషన్లే, అందరూ బావకంటే ఎన్నో నెలల ముందు వచ్చినవాళ్ళే. ఒక్కొక్కరూ బావకంటే ఎక్కువసార్లు పుట్టారు. మొదటి వరుసలో ఉన్నది తుంటి కీలు కేసు. ఎన్నిసార్లు వెనక్కి పంపారో ప్లానమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇన్నాళ్ళూ ఆ అయిదుగురూ కొత్తగా వచ్చినవాళ్ళ వేషంలో అక్కడే నిలబడి ఉన్నారు. పాత ప్రోగ్రాంకి అందరూ ఒకటే కాబట్టి గురువారం బావకి దొరికింది. దిద్దగానే ఆ గురువారం ఊడిపోయింది.

కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు పైకప్పు కేసి చూసింది.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళింది. సూపరింటెండెంట్ పెద్దమనిషి, మెత్తని మనిషి. ఆయన పక్కన థియేటర్ల ఇన్‌చార్జి సిస్టరు కూర్చుంది. ప్లానమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. గ్రాఫు అబద్ధమనీ, బహుమతి వ్యాసాన్ని తనే దిద్దుకుంటాననీ, కింద హాల్లో పటం తీసేయించమనీ చెప్పింది. సూపరింటెండెంట్ ముఖం వాడిపోయింది. ఆ పటం ఎంతమంది పెద్దవాళ్ళకి చూపించాడో పాపం!

"అయ్యో మేడం!" అంది సిస్టరు. "వాయిదా పడ్డవాళ్ళని మళ్ళీ కొత్తగా ఎక్కించేది నేనే. స్క్రీన్ అదే అడిగేది, నేను అదే నింపేదాన్ని. ఒక్కనాడు కూడా ఏమీ అనిపించలేదు. చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది."

"మీదేం తప్పు లేదు సిస్టర్. స్క్రీన్ తయారుచేసింది నేను."

"సరే, అయిందేదో అయింది" అన్నాడు సూపరింటెండెంట్. "దిద్దిన ప్రోగ్రాం ఎప్పుడు ఎక్కించమంటారు? మా కంప్యూటర్ మనిషి సిద్ధంగానే ఉన్నాడు. మీరు ఎప్పుడంటే అప్పుడు."

ప్లానమ్మ నీళ్ళు నమిలింది. సిస్టరుకి అర్థమైంది. ఆసుపత్రిలో ఎవరి చుట్టాలెవరో ఆవిడకి తెలియనిది ఉండదు.

"గురువారం మీ బావగారిది కదా మేడం" అంది మెల్లగా. "శుక్రవారం నుంచి మొదలుపెడదాం. నాలుగు రోజుల్లో ఏం కొంప మునుగుతుంది? ఇన్నాళ్ళూ ఆగినవాళ్ళే కదా వాళ్ళు."

"అంతే, అంతే" అన్నాడు సూపరింటెండెంట్. "మీరు మాకింత చేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు."

ఇద్దరూ మంచి మనసుతోనే అన్నారు. ప్లానమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. బావ పాదం, అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు, తను ఇచ్చిన మాట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"శుక్రవారమే కానివ్వండి" అంది.

దణ్ణం పెట్టి బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా తేలికైపోయింది. ఇంత తేలికైన సంగతికి రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నానే అనుకుంది. మెట్ల మలుపులో కిటికీ ఉంది, కింద అంబులెన్సులు ఆగే చోటు కనబడుతుంది. ఒకటి వచ్చి ఆగింది. మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు తీశారు. ప్లానమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

గురువారం కూడా ఇలాంటిదొకటి రావచ్చు. వస్తే బావ మళ్ళీ ఆగిపోతాడు, పై సోమవారమో మంగళవారమో అంటారు. అప్పుడు తనేం చేస్తుంది? శుక్రవారాన్ని బుధవారం చేస్తుంది. తరువాత ఇంకో శుక్రవారం. ప్రతిసారీ ఎవరో ఒక మంచి మనిషి 'ఏం కొంప మునుగుతుంది' అంటారు. ఒకసారి కదిపితే ఏమీ కానట్టు కనిపించే పనిని ఎన్నిసార్లయినా కదపవచ్చు. ఇది ఆమెకి కొత్తగా తట్టిన జ్ఞానమేమీ కాదు. పాఠ్యపుస్తకంలో ఉన్నదే, తనే ఏటా చెప్పేదే. పెద్ద పనులు అలాగే ఎప్పటికీ వంతు రాక ఆకలితో మాడిపోతాయని బోర్డు మీద రాసి మరీ చెబుతుంది. 'ఇన్నాళ్ళూ ఆగినవాళ్ళే కదా' అన్న మాటతోనే కదా ఆ తుంటి కీలు మనిషిని అన్నిసార్లు ఇంటికి పంపారు! ఇప్పటిదాకా ఆ మాట అన్నది తెలివిలేని ప్రోగ్రాం. ఇవాళ అన్నది తను, తెలిసి అన్నది.

ఆ నంబరుకి కూడా ఒక అక్క ఉండే ఉంటుంది.

తిట్టుకుంటూనే వెనక్కి ఎక్కింది. ఎవరిని తిట్టుకుంటోందో ఆమెకే తెలియదు. గది తలుపు తోసి, కూర్చోకుండానే, "ఇవాళ సాయంత్రం వరుస నుంచే ఎక్కించండి" అంది.

సిస్టరు అయోమయంగా చూసింది. "మరి బావగారు..."

"ఇవాళే సిస్టర్. నేను మళ్ళీ మనసు మార్చుకోకముందే."

ఈ కబురు ఫోన్లో చెప్పడానికి ఆమెకి మొహం చెల్లలేదు. అక్కడి నుంచి నేరుగా అక్కావాళ్ళింటికి వెళ్ళి, పరుపు పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. శుక్రవారం దాకా ఆగుతామని వాళ్ళన్నదీ, తను సరేనన్నదీ, మెట్ల మీద నుంచి వెనక్కి వెళ్ళిందీ, ఏదీ దాచలేదు.

బావ గడ్డం దిండు మీదే ఉంది. "ఇప్పుడు నేనెన్నోవాణ్ణి?"

"ఆరో వారు బావా."

"మొదటివాడెవడు?"

"తెలీదు. నంబరే తెలుసు. తుంటి కీలు."

"ఊఁ" అన్నాడు. "నువ్వు చేసింది తప్పని నేననను ప్లానమ్మా. కానీ నేనేం మహాత్ముణ్ణి కాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. కాసేపు నా కళ్ళముందు ఉండకు." అని ముఖం దిండులోకి తిప్పేసుకున్నాడు. భుజాలు కదులుతుంటే ప్లానమ్మ లేచి నిలబడింది.

అక్క వీధి తలుపు తీసి పట్టుకుని ఉంది. అరుస్తుందనుకుంది ప్లానమ్మ, అరిస్తే బాగుండేది. "శుక్రవారం చేద్దామని వాళ్ళే అన్నారన్నమాట" అంది అక్క చిన్న గొంతుతో. "పరాయివాళ్ళకి వచ్చిన జాలి కూడా నీకు రాలేదే. ఎత్తుకు పెంచాను నిన్ను."

ఆ తరువాత అక్క ఫోన్ ఎత్తడం మానేసింది. ప్లానమ్మ చేస్తూనే ఉంది. ఎప్పుడైనా బావ ఎత్తి, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. వేళాకోళాలు లేవు, మరదలా అన్న పిలుపు లేదు. చీలమండ కూడా మాట వినడం లేదని ఒకసారి చెప్పాడు. డిపో నుంచి మనిషి వచ్చి వెళ్ళాడని ఇంకోసారి చెప్పాడు, ఎందుకొచ్చాడో చెప్పలేదు. బహుమతి ఇచ్చినవాళ్ళకి ప్లానమ్మ ఉత్తరం రాసింది. తోటివాళ్ళు కొందరు మెచ్చుకున్నారు, కొందరు చాటున నవ్వుకున్నారు. రెండూ ఆమెకి తలకెక్కలేదు. సాయంత్రం కాగానే వరుస తెరిచి చూసుకోవడమే పని. తుంటి కీలుకి ఆపరేషన్ అయి ఆ నంబరు వరుసలోంచి మాయమైన రోజున ఎవరికీ చెప్పుకోలేని సంతోషం వేసింది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గుతూ వచ్చారు. వారం మొత్తం ఎవరూ కదలని వారాలు కూడా ఉన్నాయి. ఆ వారాల్లో ఆమె అన్నం సహించక లేచిపోయేది. తను రాసిన ప్రోగ్రాంనే తను ప్రాధేయపడేది, కదలవే తల్లీ, కదలవే అని.

చివరికి బావ వంతు వచ్చింది. అక్క కబురు చెయ్యలేదు. చెయ్యకపోయినా ప్లానమ్మకి తెలియకుండా ఎలా ఉంటుంది? తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉంది, జన్మలో మొదటిసారి వేళకి ముందే. బావని తీసుకువెళ్ళేముందు డాక్టరు అక్కతో మాట్లాడుతుంటే కొంచెం దూరంగా నిలబడింది.

"నొప్పి తగ్గుతుందమ్మా, మళ్ళీ కూర్చోగలరు, నడుస్తారు. పాదం మాత్రం మాటివ్వలేను. బస్సు సంగతి మరిచిపోండి. కాస్త ముందు వచ్చి ఉంటే..." అన్నాడు డాక్టరు. వాక్యం పూర్తిచెయ్యకుండానే మాస్కు పైకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క తల తిప్పి ప్లానమ్మని చూసింది. చూసి, హాల్లో చివరి బెంచీ మీద గోడకేసి తిరిగి కూర్చుంది. పక్కన కూర్చునే ధైర్యం ప్లానమ్మకి లేకపోయింది. గంటలు గడిచాయి. మధ్యాహ్నం దాటాక ఉండబట్టలేక కింద క్యాంటీనుకి వెళ్ళి రెండు కాఫీలు పట్టుకుని వచ్చింది.

వచ్చేసరికి హాల్లో గోల. థియేటర్ సిస్టరు బయటికి వచ్చి ఎవరో ఒకావిడకి చెబుతోంది, దారిలో బస్సు బోల్తా పడిందట, వరసగా కేసులు వస్తున్నాయట, సాయంత్రం ఆపరేషన్ ఇవాళ ఉండదట. ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేసింది. సిస్టరు కూడా కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ చోటు వెతుక్కుంటూ వచ్చి అక్క పక్కన కూలబడింది.

"మళ్ళీ మొదటికొచ్చాం" అంది ఏడుస్తూ. "మా ఆయనకి భుజం. పొద్దుణ్ణించీ కడుపు మాడ్చుకుని పడుకున్నాడు. మళ్ళీ వరుసలో చివర నిలబడాలి."

ప్లానమ్మ కాఫీలు పట్టుకుని బెంచీ వెనకాలే ఆగిపోయింది. అక్క వీపు తప్ప ఏమీ కనబడడం లేదు.

"చివర కాదు" అంది అక్క. "ఇదివరకైతే చివరే. ఇప్పుడు కాదు. మీరు ఆగిన రోజులన్నీ లెక్కలో ఉంటాయి. ఈసారి ముందుకే వెళ్తారు. ఊరుకోండి."

"మీకెలా తెలుసండీ?"

"మాకూ ఇలాగే పోయింది. ఒక గురువారం, మావారికి ఖాయమైపోయిన రోజు. అదుంటే ఈపాటికి బస్సు నడుపుకుంటూ ఉండేవారు." అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా చెల్లెలే తీసేసింది."

ఆవిడ ఏడుపు ఆపి అక్క ముఖంలోకి చూసింది. "సొంత చెల్లెలా?"

"సొంత చెల్లెలే. నా చేతుల్లో పెరిగిన పిల్ల."

"అయ్యయ్యో! ఎందుకండీ అలా చేసింది?"

అక్క థియేటర్ తలుపు కేసి చూస్తూ ఉండిపోయింది. తరువాత, పిల్లలకి లెక్క చెప్పినట్టు నిదానంగా అంది:

"మా ముందు ఇంకా అయిదుగురున్నారు మరి."